ట్రయల్ రూములో పసుపు

నాకు పని దొరికేలా ఉందన్న కబురు మొదట మోసుకొచ్చింది మా తోర్వా అత్త. నాన్నకు అక్క, మేమున్న హిందీ ఊళ్లోనే తోర్వా అనే పేటలో ఉంటుంది కనుక ఆ పేరు. స్కూటీ పూర్తిగా ఆపకుండానే మా క్వార్టర్ గేటు దగ్గర నుంచి, "ఒలే, చిన్నపిల్లల బడిలో నిన్ను రేపు రమ్మన్నారే! ఒక్కరోజు చూస్తారట, నచ్చితే ఉంచుకుంటారట. చీర వద్దట, సల్వార్ సూటే వేసుకోవాలట!" అని కాలనీ అంతటికీ వినిపించింది. ఆ రోజుల్లో సంతోషమూ భయమూ నాకు ఒకే స్కూటీ మీద వచ్చేవి. అమ్మ నాకు చదువు ఇంట్లోనే చెప్పింది, బట్టలూ ఇంట్లోనే కుట్టింది. ఒకే తానులోంచి నాకు లంగా, దిండుకు గలీబు వచ్చేవి. (పడుకున్నాక ఏది దిండో ఏది నేనో నాన్నకు తెలిసేది కాదట.) పెళ్లీడు వచ్చినా నేను బట్టల షాపు మెట్టెక్కలేదు. రాత్రికి రాత్రి సూటు కుట్టడం అమ్మ వల్ల కాదు. అందుకని అత్త నన్ను వెనక కూర్చోబెట్టుకుని బజారుకు తీసుకెళ్లింది.

షాపులో మనిషి "దీదీ, సైజ్?" అన్నాడు. నా సైజు అమ్మ కంటికి తెలుసు కానీ నాకు తెలీదు. అత్త ఆరు సూట్లు నా చేతుల్లో పెట్టి ట్రయల్ రూములోకి తోసింది. మూడు వైపులా అద్దాలు. నా వీపును నేను చూడటం అదే మొదలు. ఎవరో పెద్దావిడ అనుకుని కాస్త జరిగి చోటిచ్చాను. (హాస్యం రాసేవాళ్లు ఇలాంటి చోట ఉన్నదాన్ని రెండింతలు చేసి చెబుతారట. దేవుడి దయవల్ల నాకా శ్రమ లేదు.) కొత్తబట్ట అంచుకు పసుపు పెట్టి, దండం పెట్టుకున్నాకే ఒంటి మీద వేసుకోవాలని మా ఇంటి పద్ధతి. వేసి చూడటం వేరు, వేసుకోవడం వేరు అని నాకెవరూ చెప్పలేదు. బయల్దేరేటప్పుడు అమ్మ ఇచ్చిన పసుపు పొట్లం విప్పి, ఆరింటికీ బొట్లు పెట్టి, కళ్లు మూసుకున్నాను.

"ఏటే, లోపల పూజ చేస్తన్నావేటి?" అంది అత్త బయటనుంచి.

"అవునత్తా," అన్నాను. అబద్ధమాడటం రాదు మరి.

ఒకదానికి చేతులే లేవు. ఇంకోదాంట్లోకి వెళ్లగలిగాను కానీ బయటికి రావడానికి అత్త లాగాల్సొచ్చింది. ఆరోది, నీలంది, అమ్మే కుట్టినట్టు సరిపోయింది. ఆ సంబరంతో దాన్ని చేత్తో పట్టుకుని బయటికొచ్చేసరికి, మిగిలినవి మడతపెడుతున్న మనిషి "అరే, సబ్ మే హల్దీ!" అని కేకేశాడు. గల్లా దగ్గర కూర్చున్న షాపు సేఠ్ లేచొచ్చాడు. పసుపు మరకలవి ఎవరు కొంటారు, ఆరూ మీరే తీసుకోండి అన్నాడు. మేము తెచ్చుకున్న డబ్బు ఒక్కదానికే. రేపటి బడి నా కళ్లముందే తలుపులు వేసుకుంటున్నట్టు అనిపించింది.

అత్త మాత్రం దుపట్టా బిగించి, "అచ్ఛా, ఇంతేనా సేఠ్‌జీ?" అంది. బెల్తరా నుంచి పెళ్లిబట్టలకు వచ్చి పక్కనే కూర్చున్న ఆడవాళ్ల వైపు తిరిగి, "దేఖో బెహన్‌జీ, పూజ చేసిన బట్టలు! మా పిల్ల చీమక్కూడా దారిచ్చి నడుస్తుంది. ఇలాంటి చేతి హల్దీ ఎక్కడ దొరుకుతుంది?" అని తనకొచ్చిన హిందీలో మొదలుపెట్టింది. వాళ్లలో పెద్దావిడ ఆ బొట్టును వేలితో తాకి కళ్లకద్దుకుంది. పెళ్లికూతురికి శుభమని ఐదూ తీసుకుని, నా చేతిలోని నీలందాన్నీ చూపించింది. అత్త మంచి ఊపులో ఉంది. నేను నోరు తెరిచేలోగా అదీ ఇచ్చేసింది.

సేఠ్ సంతోషించి మాకు టీ తెప్పించాడు. సగం తాగాక అత్త గ్లాసు దించి, "ఓలమ్మో, మరి నీకేటే?" అంది. ఇంకొన్ని చూస్తామంటే సేఠ్ చూపించాడు కానీ ట్రయల్ రూముకు మాత్రం తాళం వేశాడు. వేసి చూడకుండా కొనే ధైర్యం మా ఇద్దరికీ లేదు.

మర్నాడు అత్త సూటే వేసుకుని బడికెళ్లాను. అత్త నాకు రెండింతలు. ముందునుంచి చూస్తే టీచరును. వెనక మాత్రం మెడ నుంచి నడుము దాకా పిన్నీసులు. అందుకని రోజంతా ఎవరికీ వీపు చూపించలేదు. బోర్డు మీద పక్కవాటంగా రాశాను, పీతలా నడిచాను. సాయంత్రం బడి పెద్దావిడ పిలిచి, "పిల్లల మీదనుంచి చూపు తిప్పని టీచరును ఇదే చూడటం. ఉండిపో అమ్మా," అంది. చేతులు జోడించి, వెనక్కి నడుస్తూనే ఆ గది దాటాను.

ఇప్పటికీ పిల్లలకు వీపు చూపించను, అలవాటైపోయింది. పీతలా నడిచిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. ఆ సూటు అత్త తఖత్‌పూర్‌లో స్నేహితురాలి గృహప్రవేశానికని దాచుకున్నదట. నేను బడిలో ఉన్న ఆ రోజే ఆ గృహప్రవేశం. తలనొప్పని చెప్పి తను వెళ్లలేదట. ఈ సంగతి నాకు చాలా ఏళ్లకు తెలిసింది, అదీ వేరేవాళ్ల ద్వారా. ఇప్పుడు తను మోకాళ్ల నొప్పులతో ఇల్లు కదలడం లేదు. మీరు దీపం పెట్టే వేళ, వీలైతే, మా తోర్వా అత్తను ఒక్కసారి తలుచుకోండి.