రేపొస్తానన్న మేస్త్రి

వడ్రంగి మేస్త్రి ఆరడుగుల పైచిలుకు మనిషి. అందరూ నిచ్చెన మేస్త్రి అనే పిలుస్తారు. నలభై ఏళ్ళుగా ఎన్ని తలుపులు చేశాడో, ఎన్ని మంచాలు బిగించాడో లెక్కే లేదు. కానీ ఇంట్లో ఎవరైనా ఆ ఒక్క బల్ల మాటెత్తితే చాలు, మొహం ముడుచుకుపోయేది.

అది సొంతంగా చేసిన మొదటి పని. వీధి చివరింట్లో ఉండే పెద్ద రచయితకి రాతబల్ల. కూర్చునే మనిషిని కొలిచి చెయ్యాలన్నది పనిలో మొదటి పాఠం. అంతటి పెద్దాయన్ని "కాస్త కూర్చోండి, కొలుస్తాను" అనడానికి ఈ మహానుభావుడికి నోరు పెగల్లేదు! తనే కూర్చుని, తన మోచేతికే కొలత పెట్టేసుకున్నాడు. పెద్దాయనేమో పొట్టి. బల్ల తెచ్చి దింపితే అంచు తిన్నగా ఆయన గడ్డం కిందికొచ్చింది. "రేపొచ్చి కాళ్ళు కోసిపెడతానండీ" అని గొణిగి బయటపడ్డవాడు మళ్ళీ ఆ గుమ్మం తొక్కితే ఒట్టు. సిగ్గు మరి. ఆ వీధిలో పని దొరికినా వదులుకున్నాడు.

ఇప్పుడా ఇల్లు మ్యూజియం అయింది. కూతురు పట్టుబట్టి లాక్కొచ్చింది.

"ఆ బల్ల ఎప్పుడో పొయ్యిలోకి పోయుంటుందిలే, రా నాన్నా."

"పోతే పీడా పోయింది" అన్నాడే గానీ, అడుగు ముందుకు పడలేదు.

రాతగదిలో తాడు కట్టి ఉంది. తాడవతల అదే బల్ల! మేస్త్రి చూపు ముందు కాళ్ళ మీదికే పోయింది. ఎవరూ కొయ్యలేదు. చిత్రిక పట్టిన అంచులు తను వదిలినట్టే ఉన్నాయి. కుర్చీ మాత్రం నాలుగు చెక్కదిమ్మల మీదికి ఎక్కి ఉంది.

"కుర్చీకి ఈ దిమ్మలేంటమ్మా?" ఇల్లు చూపించే అమ్మాయిని కూతురు అడిగింది.

"ఎవరో కుర్ర మేస్త్రి మొదటి బల్లటండీ. రేపొస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదట. కాళ్ళు కోయిద్దామంటే పెద్దాయన ఒప్పుకోలేదు. 'ఒక్క మేకు లేకుండా ఎంత ముచ్చటగా బిగించాడు! వాడి పని మీద ఇంకొకడి రంపం పడకూడదు. పొట్టివాణ్ణి నేను, నన్నే ఎత్తండి' అన్నారట. ముప్పై ఏళ్ళు అలాగే కూర్చుని రాశారు."

మేస్త్రి చూపు బల్ల కాళ్ళ మీంచి కుర్చీ మీదికి మళ్ళింది. "నేను మొహం చాటేసి తిరిగితే, ఇన్నేళ్ళూ నా పరువు మీరు కాపాడారా!" అని పైకే అనేశాడు.

అమ్మాయి తెల్లబోయి చూసింది, గబగబా తాడు విప్పింది. మేస్త్రి వెళ్ళి బల్ల మూల తడిమాడు. బిగువు సడలలేదు. కళ్ళు తుడుచుకుని ఖాళీ కుర్చీ వైపు తిరిగాడు.

"రేపొస్తానన్నాను కదండీ, వచ్చాను. రంపం మాత్రం తేలేదు."