ఎదురెదురు పడవలు

సిరిసిల్లలో ఒక నేత సంఘానికి నన్ను డిజైన్ పరిశీలకుడిగా వేసింది ఉగాది దాటిన వారానికి. అప్పటికే సగం మగ్గాలు ఆగిపోయాయి. భీవండి బస్సులు, గల్ఫ్ ఏజెంట్ల దుకాణాలు మాత్రం పని కోసం వలసపోయే నేతగాళ్లతో కిటకిటలాడుతున్నాయి. నమూనా గుడ్డ చూసి, బాగుంటే మూలన సంతకం పెట్టడం నా పని. పెద్ద హోదా కాదు గానీ ఆ సంతకం లేనిదే గుడ్డ గడప దాటదు. అందుకని నాకు కొంచెం పొగరుండేది.

కథలాపూర్ గంగాధర్ దుబాయిలో ఒక హోటల్లో పనిచేసేవాడు. సెలవు మీద వస్తూ యజమాని ఇచ్చిన బొమ్మ ఒకటి మా సంఘానికి తెచ్చాడు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇటలీలో వేసిన చిత్రమట. ఊరి నడుమ కాలువ, పండుగనాడు పడవల పందెం, మేడల మీద తివాచీలు వేలాడేసుకుని చూస్తున్న జనం. దాన్ని గోడకు కట్టే గుడ్డగా నేసి పంపితే, నచ్చితే పెద్ద ఆర్డరు. గంగాధర్ విమానం మూడు వారాల తర్వాతి శుక్రవారం. నమూనా అతని పెట్టెలోనే పోవాలి.

పని మా సంఘంలోని నేతగాడు రాజేశానికి ఇచ్చాను. అతను అప్పటికే పాస్‌పోర్టు కోరుట్ల ఏజెంటు చేతిలో పెట్టి వచ్చాడు. ఆర్డరు వస్తే వెనక్కి తెచ్చుకుంటాడు, లేకుంటే అతనూ దుబాయికే.

బొమ్మ మొత్తాన్ని గళ్ల కాగితం మీదికి నేనే ఎక్కించాను. దాన్ని చూసి అట్టలకు చిల్లులు కొడతారు. ఏ పోగు లేవాలో మగ్గానికి ఆ చిల్లులే చెబుతాయి. విమానానికి ముందురోజు, గురువారం, గుడ్డ చూడ్డానికి రాజేశం ఇంటికి పోయాను. భూతద్దం పెట్టి పోగులు లెక్కపెట్టాను, రంగులు చూశాను, కుడి మూలన దర్జాగా సంతకం పెట్టాను.

రాజేశం భార్య లక్ష్మి చాయ్ ఇస్తూ గుడ్డను కాసేపు చూసింది.

"అందరు గిట్ల ఎదురెదురు వస్తే గెలిచెటోడు ఎవడు సార్?" అన్నది.

భూతద్దం పక్కన పెట్టి గుడ్డను మొత్తంగా చూశాను. ఎడమ సగం పడవలు కుడికి, కుడి సగం పడవలు ఎడమకు పోతూ నట్టనడుమ గుద్దుకోబోతున్నాయి. రాజేశం సగం బొమ్మకే అట్టలు కొట్టి, మిగతా సగం అద్దంలో లాగ తిరగబడి వచ్చేటట్టు మగ్గానికి తాళ్లు కట్టుకున్నాడు. చీర కొంగుకు చిలుకలను అట్లనే నేస్తాడు. ఇదేందని గట్టిగా అడిగితే, చిలుకలైనా హంసలైనా మొహాలు చూసుకోకుంటే అందమెట్ల వస్తదని నన్నే ఎదురడిగాడు. తిట్టడానికి నోరు తెరిచి, నా సంతకం కనబడి మూసుకున్నాను.

కొత్త అట్టలకు వారం కావాలి. విమానం తెల్లారే. లక్ష్మి కత్తెర తెచ్చి నడిమికి కోసేయమన్నది. బొమ్మలో గెలుపు గీత ఉన్న కుడి సగం అసలు నేయనే లేదు, పందెం ఎవరిదో తెలియదు కదా అని నసిగాను.

"ఎవలు గెలిస్తే మనకేంది సార్. అందరు ఒక్క దిక్కే పోతున్నరు గదా."

కోసి, అంచు మడిచి కుట్టి, ఎడమ సగం పంపాం. సంతకం కుడి సగంలో ఉండిపోయింది. అట్ల నా సంతకం లేని గుడ్డ నా కళ్ల ముందే గడప దాటింది.

నెలలోపే కబురొచ్చింది. గోడకు సన్నమైంది గానీ హోటల్ స్తంభాలకు సరిపోయిందట, స్తంభానికొకటి కావాలట. రాజేశం ఆ రోజే కోరుట్ల బస్సెక్కి పాస్‌పోర్టు తెచ్చుకున్నాడు.

జగిత్యాలకు బదిలీ అయినప్పుడు చెప్పిపోదామని వాళ్లింటికి పోతే, మిగిలిన సగం దర్వాజకు తెరగా వేలాడుతోంది, నా సంతకంతో సహా. తీసేయమని అడగబోయి, దాన్నే పక్కకు జరుపుకుని లోపలికి పోయాను. పోగులు లెక్కపెట్టేవాడు పడవ ఎటు పోతోందో కూడా చూడాలి. జగిత్యాలలో పనిచేసినన్నాళ్లు, ఏ నమూనా వచ్చినా ముందు అది నేసిన ఇంటి ఆడమనిషిని పిలిచి చూపించి, ఆ తర్వాతే పెన్ను తీశాను.