పన్నెండు చిలపల నూలు

అరవైల చివర, మా తాత కట్టించిన బడిలోనే నేను జీతానికి పంతులునయ్యాను. స్కాలర్‌షిప్పు పరీక్షకు ఐదో తరగతి పైడమ్మను విజయనగరం తీసుకెళ్తూ, పొందూరు స్టేషనులో లెక్క అడిగాను: పన్నెండులో మూడో వంతు పోతే మిగిలేదెంత? నెలరోజులు నేర్పినా పిల్ల నోరు విప్పలేదు. ఈ పరీక్ష పోతే దాని చదువు అక్కడితో సరి. విసుగెత్తి కసిరాను.

పక్కన కూర్చున్న ముసలమ్మ పైడమ్మ వేళ్లు తడిమి చూసింది. "నూలొడికే పిల్లవేటే? పన్నెండు చిలపల నూలు చుట్టి, మూడో వంతు అక్కకిచ్చేస్తే నీకాడ ఎన్నుంతాయి?"

"ఎనిమిది."

"పంతులికే నేర్పుతున్నావా?" అన్నాను ముసలమ్మతో.

"తమకు కాదు బాబూ, ఈ ఆడగుంటకి."

రైలొచ్చింది. ఆవిడ వేరే పెట్టెలోకి ఎక్కిందని రెండుసార్లు చూసుకున్నాకే, తరవాతి లెక్క చిలపల్లో అడిగాను.