ప్రార్థన అయ్యేదాకా కారులో ఉన్న పాము

అందరికంటే ఆలస్యంగా వచ్చిన ఆంటీ తన కోటు విప్పి నా చేతుల్లో పెట్టినప్పుడు నాకు మొదటిసారి పాము కోసం భయం వేసింది. మా పడకగది మంచం మీద అప్పటికే పదిహేను కోట్లు ఒకదాని మీద ఒకటి, నిద్రపోతున్న జంతువుల్లా పడి ఉన్నాయి. వాటన్నిటికీ ఇంటి వెచ్చదనం పట్టింది. ఈ కోటు మాత్రం బావినీళ్లలోంచి తీసిన రాయిలా ఉంది. కాలరు మడతలో మంచు ఇంకా కరగలేదు. కారు దగ్గర నుంచి మా గుమ్మం దాకా నడిచినంతసేపే ఆవిడ బయట ఉన్నారు. మా కారు వెనక సీట్లో పాము గంటన్నరగా ఉంది.

అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్లో మాకది నాలుగో చలికాలం. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజినీరు. నేను గుంటూరులో బీఎస్సీ జువాలజీ చదివాను. ఆ కారణం చేత పాముల గురించి నాకంతా తెలుసని ఆయన అందరికీ చెబుతారు. నాకు తెలిసిన పాము మా కాలేజీ ల్యాబ్‌లో సీసాలో, పసుపుపచ్చని ద్రవంలో, చుట్టలు చుట్టుకుని ఉండేది. రికార్డు పుస్తకంలో దాని బొమ్మ వేసేటప్పుడు కూడా సీసాకు చేయి తగలకుండా జాగ్రత్తపడేదాన్ని.

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. బళ్లో టీచరు తెచ్చిన కార్న్ స్నేక్‌ను చేతిలో పట్టుకుని వచ్చిన రోజు నుంచి అదే ధ్యాస. విషం లేనిది, నారింజ రంగుది, పెద్దయ్యాక కూడా మనిషి ఎత్తు దాటనిది. ఏడాదిపాటు అడిగింది. చివరికి మా ఆయన పాముల పెంపకందార్ల చిన్న పత్రికొకటి సంపాదించి, అందులో ప్రకటన చూసి, ఫ్లోరిడాలో ఒక పెద్దాయనకు ఫోన్ కలిపి రిసీవరు నాకిచ్చారు.

ఆ గొంతు నాకింకా గుర్తుంది. తొందర లేని గొంతు. పోస్టులో పంపుతారా అని అడిగాను. పాములను పోస్టులో పంపడం చట్టం ఒప్పుకోదని, ఎవరైనా చవగ్గా పార్సెల్ చేస్తామంటే వాళ్ల దగ్గర కొనవద్దని చెప్పాడు. తను విమానంలో, సరుకుల విభాగం ద్వారా పంపుతాడట. మేము ఎయిర్‌పోర్టుకు వెళ్లి సంతకం పెట్టి తెచ్చుకోవాలి. పాముపిల్ల కనీసం ఐదుసార్లు తనంతట తాను తిన్నాకే అమ్ముతాడు. ప్రయాణానికి వారం ముందు తిండి ఆపేస్తాడు. గుడ్డ సంచీలో ముడివేసి, నలిపిన న్యూస్‌పేపరు మధ్య, నాలుగువైపులా థర్మోకోల్ అమర్చిన పెట్టెలో పెడతాడు. మరీ చలిగా ఉంటే పంపడు. నేను అన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. చివర్లో ఆయన, "మేడమ్, పెట్టె వచ్చే రోజు ఇంకే పనీ పెట్టుకోవద్దు. చుట్టాలను పిలవొద్దు. తిన్నగా ఇంట్లోకి తెచ్చి, తెరిచి, వదిలేయండి" అన్నాడు. దాని కింద నేను రెండు గీతలు గీశాను.

మా ఆయన తొందరగా ఇంటికి రాగలిగేది శుక్రవారమే కనుక శుక్రవారం అనుకున్నాం. నవంబరు మొదటివారం, ఎండ బాగానే కాస్తోంది. ఆ వారమంతా నేను సగం కలలో తిరిగాను. గిన్నెలు కడుగుతూ, ఎక్కడో మబ్బుల పైన చీకటి పెట్టెలో ఒక సన్నని ప్రాణం నా ఇంటివైపు ఎగిరి వస్తోందని అనుకునేదాన్ని. భయమా, ఇష్టమా, తెలిసేది కాదు.

గురువారం సాయంత్రం మా తెలుగు క్రైస్తవ సంఘం నుంచి ఫోన్ వచ్చింది. శుక్రవారాల్లో ఒక్కో ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకుంటాం. ఆ వారం వంతు వచ్చిన ఇంట్లో పిల్లలకు ఆటలమ్మ పోసిందట.

"మీ ఇంట్లో పెట్టుకుందామా అమ్మా?" అని అడిగారు.

"తప్పకుండా ఆంటీ, రండి" అన్నాను.

మాలో ప్రార్థనకు వస్తామంటే వద్దనే నోరు ఎవరికీ లేదు. ఇంట్లోకి పాము వస్తోందని చెప్పే నోరు అసలే లేదు. ఫ్లోరిడాకు ఫోన్ చేసి ఆపమనవచ్చు, చేయలేదు. ఐదింటికల్లా పెట్టె వచ్చేస్తుంది, పైన పిల్లల గదిలో పెట్టి తలుపు వేస్తే సరిపోతుంది అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం నుంచి మంచు మొదలైంది. విమానం ఆలస్యమైంది. మా ఆయన బయలుదేరేటప్పుడు మా ఐదేళ్లవాడు తన పాత స్వెటరు పట్టుకుని పరిగెత్తాడు. "డాడీ, స్నేక్‌కి కోట్ లేదు కదా?"

"దానికి హీటర్ వేస్తాలేరా."

ఆయన తిరిగి వచ్చేసరికి హాలు నిండా జనం. మా టౌన్‌హౌస్‌కు ఒకటే గుమ్మం. తలుపు తీస్తే హాలే. నేను తలుపు కొంచెం తెరిచి నిలబడ్డాను.

"తెచ్చాను. ఎక్కడ పెట్టను?"

"ఇప్పుడొద్దండీ. అందరూ చూస్తారు."

"కార్‌లో ఉంచమంటావా?"

"అరగంటే కదా. దుప్పటి కప్పి రండి."

ఆయన నా ముఖం వంక ఒకసారి చూసి వెనక్కి వెళ్లారు. మా కూటంలో అరగంట ఎంతసేపో నాకు తెలియదా? పాటలయ్యాయి. సాక్ష్యాలయ్యాయి. ఒకాయనకు ఉద్యోగం పోయి మళ్లీ దొరికిన సంగతి మొదటినుంచి చెప్పుకొచ్చారు. వెచ్చని గదిలో ఆ గొంతులన్నీ కలిసి నన్ను జోకొట్టినట్టయింది. పామును మరచిపోయానని అనలేను. అది దూరంగా, ఎవరో చెప్పిన కథలోని పాములా మాత్రమే ఉంది. అప్పుడు ఆ కోటు నా చేతుల్లోకి వచ్చింది.

పడకగదిలో ఆ కోటును మిగతావాటి మీద పెట్టాను. ఈపాటికి అది చచ్చిపోయి ఉంటే నా భయం తీరిపోతుంది కదా అనిపించింది. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. పిల్లలు పడుకున్నాక, రెండేళ్ల తర్వాత, ఇక్కడ రాస్తున్నాను. ఆ వెంటనే స్వెటరు పట్టుకుని పరిగెత్తిన వాడి కాళ్లు గుర్తొచ్చి, ఇంట్లో తిరిగే చెప్పులతోనే బయటికి వెళ్లాను.

మంచు చప్పుడు లేకుండా పడుతోంది. కారు తలుపు తెరిచి పెట్టెను గుండెలకు హత్తుకున్నాను. లోపల ఏమీ లేనంత తేలిక. వెనక్కి తిరిగితే మా కిటికీ పసుపుపచ్చగా, నీళ్ల అడుగున వెలుగుతున్నట్టు కనిపించింది. లోపల ఎవరో ప్రార్థిస్తున్నారు. మెల్లగా తలుపు తోశాను. హాలులో అందరూ తలలు వంచి కళ్లు మూసుకుని ఉన్నారు. ఆ మూసిన కళ్ల మధ్య నుంచి, చాపల అంచున అడుగులు వేస్తూ, పామును మోసుకుంటూ నడిచాను. "ఈ గృహమును కాపాడుము తండ్రీ" అంటున్నారు. మావాళ్లు ఇంతసేపు కళ్లు మూసుకుంటారన్నది గంటన్నర కిందట నాకెందుకు తట్టలేదో.

కళ్లు తెరిచి ఉన్నవాళ్లు ఇద్దరు. ఒకరు మా అమ్మాయి. ఇంకొకరు, మా అందరిలో పెద్దావిడ, మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసిన ఆంటీ.

నేను పడకగదిలో పెట్టె మూత తీసేసరికి ఆవిడ నా వెనకే ఉన్నారు. గుడ్డ సంచీ చల్లగా, తడి రిబ్బను చుట్టలా ఉంది. దాన్ని నేలమీది హీటరు జాలీ మీద పెట్టబోయాను.

"ఆగు. ఏముందందులో?"

"పాము, ఆంటీ."

ఆవిడ ఒక అడుగు వెనక్కి వేశారు. "బతికుందా?"

"తెలీదు. కార్‌లో ఉంచాను. మీరంతా ఏమనుకుంటారో అని."

"మేమా? ఏమనుకుంటాం, పిచ్చిదానివనుకుంటాం. ఆ వేడి మీద పెట్టకు. నెలలు నిండని బిడ్డ చల్లబడితే ఒక్కసారిగా కాచేవాళ్లం కాదు, మెల్లగా వెచ్చబెట్టేవాళ్లం. గదిలో వేడి చాలు. ఆ బల్ల మీద పెట్టి, ముట్టుకోకు."

ఫ్లోరిడా పెద్దాయన చెబుతుంటే నేను రాసుకున్న కాగితంలో కూడా అదే ఉంది. హీటరు దగ్గర పెట్టవద్దని. నా చేతులకు అది గుర్తు లేదు.

సంచీని పెట్టెలోనే ఉంచి బల్ల మీద పెట్టాను. ఆవిడ మంచం మీద వెతికి తన కోటు తీసుకున్నారు.

"పాము మోసం చేసిన కథ ఉన్న ఆదికాండం కాకుండా ఇవాళ కీర్తనలు చదివాం, అదృష్టం. పద, చికెన్ పలావు చల్లారిపోతోంది. నా కోటు మాత్రం ఈ గదిలో ఉంచను."

అందరూ వెళ్లాక మా అమ్మాయి సంచీ వైపు చూసి, తండ్రి వైపు తిరిగింది. "కార్‌లో లీవ్ చేసావా డాడీ? ఇట్స్ ఫ్రీజింగ్."

ఆయన నావైపు చూడలేదు. "సారీరా" అన్నారు.

నేను గిన్నెలోంచి పలావు గరిటెతో తీస్తూనే ఉన్నాను. మా అమ్మాయి ఏడుస్తూ మేడమీదికి వెళ్లిపోయింది.

తెల్లవారాక సంచీ పెట్టెలో ఈ మూల నుంచి ఆ మూలకు జరిగి ఉంది. మా ఆయన ముడి విప్పి గాజుతొట్టిలో మెల్లగా వంచారు. నారింజ రంగు తాడు ఒకటి జారి, కాసేపు అలాగే పడి ఉండి, తల ఎత్తింది. నాలుక కనిపించీ కనిపించకుండా ఆడింది. నాకు భయం వేసింది. చాలా సంతోషంగా కూడా ఉంది. మా అమ్మాయి తొట్టికి ముక్కు ఆనించి, తండ్రివైపు చూడకుండా కూర్చుంది.

నేను పిల్లలిద్దరి పక్కన నేలమీద కూర్చుని చెప్పాను. "దాన్ని కార్‌లో ఉంచింది డాడీ కాదు. లోపలికి తేవద్దన్నది నేనే. ఆంటీలు ఏమంటారో అని సిగ్గుపడ్డాను. ఇక మీద ఎవరొచ్చినా మనింట్లో పాముందని గుమ్మంలోనే చెప్పేద్దాం. నాకు నోరు రాకపోతే మీరు చెప్పండి."