ఇంకొకటి చూపించు

ప్రొద్దుటూరులో చీరల అంగడి నడిపే చెన్నకేశవులు వారం రోజులుగా ప్రతి సాయంత్రం మస్తాన్ కంప్యూటర్ రిపేరు అంగడికి వస్తున్నాడు. తెల్లారితే దసరా బేరాలు. బిల్లులు కొట్టే పాత కంప్యూటరు బాగుపడకపోతే ఆడవాళ్ళు ఎదురంగడికి పోతారు. విండోస్ బదులు కంప్యూటరును నడిపే లినక్స్ రకాల్లో కొత్తవాళ్ళకు సులువుగా ఉండేది ఏదైనా ఊరికే ఎక్కిస్తానన్నాడు మస్తాన్. ఎక్కించకముందే పెన్‌డ్రైవు పెట్టి ఎన్ని రకాలైనా చూడవచ్చని కూడా నోరు జారాడు. అప్పటినుంచి చెన్నకేశవులు చెప్పులు బయట విడిచి, కుర్చీలో బాసింపట్టు వేసుకుని, తెరను రెండు వేళ్ళతో నలపబోయి ఆగుతూ రకాలు చూస్తూనే ఉన్నాడు. ఉబుంటు అనే రకం చూసి రంగు ముదురన్నాడు. జోరిన్ చూసి, "బాగుండాది గానీ, ఇందులోనే అంచు సన్నంగా ఉండేది లేదా?" అన్నాడు.

"రేపు బిల్లులు ఎట్ల కొడతావు మామా?"

"కొడదాంలేప్పా. ఇంగొకటి చూపీ."

మస్తాన్ మింట్ అనే ఇంకో రకం ఉన్న పెన్‌డ్రైవు తీసి, చూపించకుండానే సొరుగులో వేశాడు. "ఇది వద్దులే మామా. జమ్మలమడుగు వాళ్ళు పక్కన పెట్టమన్నారు. ఒకటే మిగిలుండాది."

ఈ మాట చెన్నకేశవులు తన అంగట్లో రోజూ చెప్పేదే. లినక్స్ ఎందరికి ఎక్కించినా తరగదని కూడా మస్తాన్ అతనికి మొదటి రోజే చెప్పాడు. అయినా అతని కాళ్ళు కిందికి దిగాయి.

"అడ్వాన్సు ఇచ్చినారా వాళ్ళు?"

"లేదు."

"అట్లయితే నాకే ఎక్కియ్యి. వాళ్ళొస్తే ఆ రకం అయిపోయిందని చెప్పు."

మింట్ ఎక్కించడం పూర్తయ్యేదాకా చెన్నకేశవులు వాకిలికి అడ్డంగా నిలబడి, జమ్మలమడుగు బస్సు వచ్చే వైపే చూశాడు.