గొర్రుకూ గొర్రెకూ నడుమ

ఉరవకొండ బస్టాండులో మా ఊరాయన కనబడి, "మీ అత్త పోయిందప్పా" అన్నాడు.

"యాడికి పోయింది?" అన్నాను.

ఆయన భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. అప్పుడు అర్థమైంది. ఊరికి పోయినా, లోకం విడిచి పోయినా మనకు ఒకటే మాట.

ఆమె మా నాయనకు అక్క. మొగుడు చనిపోయాక ఓ చిన్న చేను, మూడు గొర్రెలు పెట్టుకొని, ఎవరి పంచనా చేరకుండా బతికింది. నేను ఐదో తరగతిలో బడి మానేస్తే ఇంట్లో అందరూ తిట్టారు. ఎందుకు మానేశావని అడిగింది ఆమె ఒక్కతే. అయ్యవారు నాది మోట మాట అన్నాడని చెప్పాను.

"మోటయితే ఏమిరా? మోట లేకుంటే బాయిలో నీళ్లు పైకొస్తాయా?" అనింది.

ఆ తర్వాత ఎన్ని ఊళ్లు తిరిగానో, ఎన్ని పనులు పట్టి వదిలానో. ప్రతిచోటా నా 'యాడ', 'ఈడ' విని నవ్వేవాళ్లున్నారు. నవ్వనీ. నేను మార్చుకోలేదు.

నేనింకా ఊళ్లో ఉండగా ఒక ఏడు వాన ఆలస్యంగా పడింది. పక్క చేను రైతు ఆమె చేను దున్నిపెట్టాడు. బదులుగా, "నా గొర్రు తోలుకో అన్నా" అనింది. మా మామ చేసిన గొర్రు అది. ఎద్దులు కట్టి తోలితే విత్తనం సమంగా వేస్తుందని పేరు. ఆయన మాత్రం సూడి గొర్రెను తోలుకుపోయాడు. అడిగితే, "గొర్రె తోలుకో అన్నావు కదమ్మా" అన్నాడు.

పంచాయితీ పెడితే, రచ్చకట్ట మీద పెద్దమనిషి నవ్వాడు. "ఒక్క గుణింతమే గదమ్మా తేడా. గాలికి అట్ల వినబడింటాది. గొర్రె ఆయప్పకు, ఈనే పిల్ల నీకు. సరిపోతాది."

"కొండకూ కుండకూ ఒక్క గుణింతమే తేడా అన్నా. నెత్తిన కొండ పెట్టుకొని నీళ్లు తెస్తావా?"

జనం నవ్వారు. ఆమె నవ్వలేదు. రైతు వైపు తిరిగింది.

"నేనన్న మాట అన్నట్టే చెప్పు."

"గొర్రె తోలుకో అన్నావు."

"నీ కొడుకును పిల్చుకరా అంటావా, నీ కొడుకు పిల్చుకరా అంటావా?"

"కొడుకును."

"మరి నా గొర్రెకు ఆ 'ను' ఏమైపాయ? ప్రాణముండేదానికి అది తగిలించకుండా ఈ ఊర్లో ఎవురన్నా మాట్లాడతారా? గొర్రుకైతే అక్కర్లేదు."

"గొర్రెనే అన్నావులే" అని ఆయన గొణిగాడు.

"అది ఇప్పుడు తగిలించినావు."

పెద్దమనిషి మళ్లీ కలగజేసుకున్నాడు. "పక్కపక్క చేన్లోళ్లు. పిల్లతో సర్దుకోమ్మా."

"పిల్ల గాదు, గుణింతం గూడా ఇయ్యను."

నేరుగా ఆ రైతు దొడ్లోకి పోయింది. గొర్రె మెడలో తాడు విప్పి గుంజ దగ్గరే పడేసింది. వెనక్కి చూడకుండా నడిచింది. ఎర్రమన్ను దారిలో ఆ గొర్రె, బరువైన పొట్ట ఊగుతుండగా, అరుచుకుంటూ ఆమె వెనకే పోయింది.