పచ్చ లైటు చెప్పిన మాట

రాంగోపాల్‌పేట్‌లో మోటార్లు బాగుచేసే జెరెమియా పెళ్లికి ముందు నుంచీ ఒక్కటే పద్ధతి పట్టుకున్న మొండి మనిషి. తీగలో కరెంటు ఉందో లేదో వేలి వెనకవైపు తాకించి చూసేవాడు. "జెర చురుక్కుమంటది, గంతే" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే కూతురు గ్లోరియాకు ఒళ్లు మండేది. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి తండ్రి పక్కనే పనికి కూర్చున్న ఆ పిల్ల పట్టుపట్టిందంటే ఇంటిల్లిపాదీ దారికి రావాల్సిందే.

అలా గ్లోరియా చేతుల్లో పుట్టింది ఆ పెట్టె. దాని క్లిప్పులు తీగలకు తగిలిస్తే లోపలున్న చిన్న చిప్ చూసి చెబుతుంది. కరెంటు ఉంటే ఎర్ర లైటు, లేకపోతే పచ్చ. దుకాణంలో ఎన్నోసార్లు పరీక్షించింది. ఒకటి రెండుసార్లు లైటు తడబడితే ఎక్కడో తీగ వదులైందనుకుని బిగించి ఊరుకుంది.

"ఇగ చెయ్యి పెట్టి చూసుడు బంద్ డాడీ. మాటియ్యి" అంది. జెరెమియా మాటిచ్చాడు.

ఆ మధ్యాహ్నం మోండా మార్కెట్‌లో విజయమ్మ ఉల్లిగడ్డల గోదాములో ఫ్యాన్ ఆగిపోయిందని కబురొచ్చింది. ఆమె చూపించిన మెయిన్ స్విచ్ దించి, జెరెమియా స్టూలెక్కి క్లిప్పులు తగిలించాడు. కింద పెట్టె పట్టుకుని గ్లోరియా నిలబడింది.

"పచ్చదేనా?"

"పచ్చదే. షురూ చెయ్యి డాడీ."

అతను ఫ్యాన్ మూత విప్పి పక్కన పెట్టాడు. అప్పుడే ఎర్ర లైటు చటుక్కున మెరిసి ఆరిపోయింది. మళ్లీ పచ్చ.

గ్లోరియాకు అప్పుడు తట్టింది. వదులైన తీగ కాదది. లైన్‌లో కరెంటు సెకనుకు యాభైసార్లు లేచి పడుతుంది. తన పెట్టె సెకనుకు ఒక్కసారే, అదీ రెప్పపాటు కన్నా తక్కువసేపు చూస్తుంది. లేచినప్పుడు చూస్తే ఎరుపు. ప్రతిసారీ పడినప్పుడే చూస్తుంటే, నిండా కరెంటున్నా పచ్చే!

"డాడీ, ముట్టకు!"

బయట బేరాల గోలలో ఆ కేక కలిసిపోయింది. జెరెమియా చేయి తీగ మీదికి పోతోంది. గ్లోరియా పెట్టె వదిలేసి, అతని చొక్కా పట్టుకుని బలంకొద్దీ వెనక్కి లాగింది. స్టూలు పక్కకు ఒరిగి, ఇద్దరూ బస్తాల మీద పడ్డారు.

"ఏందమ్మా గిట్ల గుంజినవ్?" అని విజయమ్మ పరుగెత్తుకొచ్చింది.

"లైన్ల కరెంటున్నది!"

"అయ్యో, ఫ్యాన్ పాత మెయిన్ మీదున్నట్టుంది" అంటూ ఆమె రెండో మెయిన్ దించింది.

జెరెమియా తిట్టలేదు. తన వేళ్ల వంక చూసుకున్నాడు. "నువ్వు చేసినవ్ గదా అని ఇంకోటి ఆలోచించనే లేదు బిడ్డా" అన్నాడు.

తిట్టినా బాగుండేది. గ్లోరియా భయంతో, సిగ్గుతో వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత కటింగ్ ప్లేయర్ తీసి, పచ్చ లైటు తీగలు పుటుక్కున కత్తిరించింది.

"ప్రోగ్రాం మల్ల రాస్త. ఇగ ఇది కరెంటు ఉన్నదని చెప్తది. లేదని ఎన్నడూ చెప్పదు."

"మరి లేదని నాకెట్ల తెలుస్తది?"

"మెయిన్‌లన్నీ దించు, టెస్టర్ పెట్టి చూడు. నేను చెప్పినా సుత నమ్మకు డాడీ."

"అదొక్కటి నాతోని కాదు బిడ్డా" అన్నాడు జెరెమియా.